రెండు ఎల్బీనగర్‌ల రైలు

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పుడు మా లెక్కల సారు పట్టరాని సంతోషంతో స్టాఫ్‌రూములో లడ్డూలు పంచారని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. ఆయన పంచింది కారా బూందీ. లడ్డూలు పంచేంత ఘనమైన నష్టం నా వల్ల ఆ బడికి ఎప్పుడూ జరగలేదు.

ఇలాంటివాడు ఒక రైలు మార్గాన్ని డిజైన్ చేశాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. రానివ్వండి. నేనేమీ బ్రిడ్జి కట్టి దాని మీద మనుషుల్ని నడిపించలేదు. ఒక బల్ల మీద బొమ్మ రైలు, దాని చుట్టూ బొమ్మ ఊరు. అంతే. కాని ఆ బల్ల దగ్గర నాకు అడ్డం వచ్చినంత మంది నిజం రైలుకు కూడా అడ్డం వచ్చి ఉండరు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌ని. తెల్ల పరుపు మీద కూర్చుని, వచ్చిన అమ్మలకు చీరలు విప్పి చూపించడం నా ఉద్యోగం. పల్లూ ఎలా పడుతుందో చూపించడానికి నా భుజం మీదే వేసుకుంటాను. ఆ లెక్కన హైదరాబాదులో నాలా ఇన్ని పట్టుచీరలు కట్టిన మగవాడు ఇంకొకడు ఉండడు. మావాళ్ళది పోచంపల్లి దగ్గర నేత ఊరు. బడి మానేసి మగ్గం దగ్గర కూర్చున్నాను. మగ్గానికి పని తగ్గాక దుకాణంలో కూర్చున్నాను. కూర్చోవడం మాత్రం ఎక్కడా మానలేదు.

ఉండేది ఎల్బీనగర్ చౌరస్తాకు లోపలి గల్లీలో, కిరాయి ఇంటి కింది పోర్షన్‌లో. నేనూ, నా భార్యా. ఆమె ఇంట్లోనే చీరలకు ఫాల్ కుడుతుంది, పికో చేస్తుంది. పై అంతస్తులో ఇంటి ఓనర్లు: కోస్తా వైపు నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డ ఆంటీ, రైల్వేలో పనిచేసి రిటైరయిన అంకుల్. నాతో కలిపి నలుగురం. అయిదో శాల్తీ రైలు.

ఆ రైలును కోఠి ఫుట్‌పాత్ మీద కొన్నాను. అమ్మేవాడు డబ్బా మీద దుమ్ము దులుపుతూ, "బాబు ఉమర్ ఎంతన్నా?" అని అడిగాడు.

"నలభై దాటింది," అన్నాను.

వాడు నన్నొకసారి, డబ్బానొకసారి చూసి, "అయితే సెల్లులు నువ్వే ఏస్కుంటవ్ తియ్," అన్నాడు.

నల్ల ఇంజను, దానికో ఎర్ర పొగగొట్టం, వెనక రెండు పెట్టెలు, ఒకదానికొకటి అతికే ప్లాస్టిక్ పట్టాలు. ఇంట్లో నేల మీద పరిచి స్విచ్ నొక్కాను. గుర్రుమంటూ తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఊరు లేని చోట రైలు తిరుగుతుంటే ఎంత దిక్కుమాలినట్టు ఉంటుందో అప్పుడు తెలిసింది. దానికో ఊరు కావాలి. పిచ్చి అక్కడ మొదలైంది.

దుకాణంలో పాత షోకేసు మారుస్తూ ఒక ప్లైవుడ్ పలకను పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. మా ఇంట్లో బల్ల ఒక్కటే. దాని మీదే నా భార్య చీరలు పరుచుకుని ఫాల్ కుడుతుంది. నేను పలకను ఆ బల్ల మీద పెట్టి కొలుస్తుంటే ఆమె మిషన్ ఆపింది.

"ఏందయ్యా గిది?"

"ఎల్బీనగర్."

"మనం ఉన్నది సాలదా?"

"ఉన్నది ఓనర్లది. గిది మనది."

ఒప్పందం కుదిరింది. పొద్దున నేను దుకాణానికి బయలుదేరేదాకా బల్ల నాది. ఆ తర్వాత పలకను లేపి గోడకు నిలబెట్టాలి, బల్ల ఆమెది. అంటే దుకాణాల షటర్లు లేచే వేళకు మా ఎల్బీనగర్ నిలువునా గోడకు నిలబడాలి, ఒక్క ఇల్లు కూడా రాలకుండా. గమ్ముతో అతికించినవి రాలిపోయాయి. దారిలో వచ్చే చైతన్యపురి మొత్తాన్ని చీపురుతో ఎత్తాల్సి వచ్చింది. నా భార్య చేటలో ఉన్న చైతన్యపురిని చూసి, "అతికిస్తే ఉంటదా, కుట్టు," అంది.

నిజమే. ప్లైవుడ్‌కు సన్నటి రంధ్రాలు పొడిచి, గుండీ కుట్టినట్టు నాలుగు మూలలా ఇళ్ళను పలకకు కుట్టాను. ఇట్లా రైలు బొమ్మలతో ఊళ్ళు చేసేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు, ఫోనులో చూస్తుంటాను. వాళ్ళ కొండలేమిటి, వాళ్ళ మంచు ఏమిటి, వాళ్ళ చర్చీలేమిటి. ఊరిని సూదీ దారంతో కుట్టుకున్నవాడు మాత్రం నాకు కనపడలేదు.

సామానంతా దుకాణంలోదీ ఇంట్లోదీ. చీరల అట్టపెట్టెలు ఇళ్ళయ్యాయి. షర్టు డబ్బాల మీది పల్చటి ప్లాస్టిక్ షాపుల అద్దాలయ్యింది. దారం అయిపోయిన రీళ్ళను ఒకదాని మీద ఒకటి నిలబెడితే మెట్రో పిల్లర్లు. గుండుసూదులు వీధి దీపాలు. వడకట్టి ఎండబెట్టిన చాయ్‌పత్తి రోడ్డు పక్క మట్టి. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచును తుంచి అగ్గిపుల్లలకు గుచ్చితే చెట్లు. ఊరి నుంచి తెచ్చిన పట్టుదారం తుక్కు గోడల మీద కాగితంపూల తీగలయ్యింది. నేను రోజూ ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రోలో పోతాను. కిటికీ దగ్గర నిలబడితే కింద డాబాల మీద ఉన్నవన్నీ కనబడతాయి. నల్ల నీళ్ళ ట్యాంకులు, టీవీ డిష్షులు, తీగల మీద ఆరేసిన చీరలు. అవన్నీ మనసులో పెట్టుకుని వచ్చి, సిరప్ సీసా మూతలతో ట్యాంకులు, షర్టు గుండీలతో డిష్షులు పెట్టాను. ఆటోల చక్రాలకు ఏదీ కుదరలేదు. చివరికి నా భార్య బొట్టుబిళ్ళల్లో నల్లవి సరిగ్గా సరిపోయాయి. ఒక పెళ్ళికి తయారవుతుండగా ఆమెకు ఆ సంగతి తెలిసింది.

"నా స్టిక్కర్లేవి?"

"ఆటోలకు పోయినయ్."

"అయితే పెళ్ళికి గా ఆటోనే పొమ్మను," అని మంచం మీద కూర్చుంది. కొత్త పాకెట్ తెచ్చేదాకా లేవలేదు.

ఇక డిజైను. అసలు కథంతా అందులోనే ఉంది.

మా ఇళ్ళల్లో చీర డిజైను గీసే పద్ధతి ఒకటుంది. గ్రాఫు కాగితం మీద సగం బొమ్మే గీస్తారు. నూలును మడిచి, ఆ సగం ప్రకారం రబ్బరు పట్టీలతో ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడులు విప్పితే మిగతా సగం అద్దంలో చూసినట్టు దానంతట అదే వస్తుంది. ఎడమ చిలుక కుడి చిలుకను చూస్తూ కూర్చుంటుంది. కుడి చిలుకను ఎవరూ గీయలేదు. పుట్టినప్పటి నుంచి చూసింది అదే కనుక నా ఊరిని కూడా అలాగే గీశాను. కాగితం ఎడమ చివర ఎల్బీనగర్, మా గల్లీ, మా ఇల్లు, వరండాలో మిషన్ ముందు నా భార్య. ఆ తర్వాత స్టేషను, ఫ్లైఓవరు, చైతన్యపురి. కుడి అంచున దిల్‌సుఖ్‌నగర్, మా దుకాణం, దాని ముందు చాయ్ గ్లాసుతో నేను. అక్కడికి కాగితం అయిపోయింది. పని కూడా అయిపోయిందనుకున్నాను.

అట్ట కత్తిరించేటప్పుడు చేతి అలవాటు కొద్దీ రెండుగా మడిచి కత్తిరించాను. ప్రతి ఇల్లూ జంటగా వచ్చింది. కాగితాన్ని పలక మధ్యకు ఆనించి ఒక పక్క గుర్తులు పెట్టుకుని, తిరగేసి రెండో పక్కా గుర్తులు పెట్టాను. చేతులు వాటి దారిన అవి పోతున్నాయి, నేను పాత పాటలు వింటున్నాను. నా భార్యను కూడా జంటగానే చేశాను: గుండుసూది తల, పట్టుదారం చీర, అగ్గిపెట్టె ముక్కతో మిషన్. పలక చుట్టూ ఎర్రంచు కూడా వేశాను. అంచు లేని బట్ట మా ఇంట్లో తుండుగుడ్డ కూడా లేదు.

అంతా కుట్టడం అయ్యాక పలకను గోడకు నిలబెట్టాను. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏందయ్యా, మనిల్లు రెండు దిక్కుల ఉన్నది?"

దూరం జరిగి చూశాను. నిజమే. కుడి చివర ఇంకో ఎల్బీనగర్ నిలబడి ఉంది. అదే గల్లీ, అదే ఇల్లు, అదే నీళ్ళ ట్యాంకు. ఎల్బీనగర్‌లో బయలుదేరిన రైలు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోయి పోయి ఎల్బీనగర్ చేరుకుంటుంది. మడత మీద పడ్డాం కాబట్టి దుకాణం ఒకటే, నేను ఒక్కణ్ణే. మిగతావన్నీ రెండేసి.

రెండో ఇంటిని విప్పుదామని కత్తెర తీసుకున్నాను. కుట్టు చూశాను. మంచిగా కుదిరింది. కత్తెర పక్కన పెట్టేశాను. తప్పెక్కడుంది? పొద్దున ఎల్బీనగర్, పగలంతా దిల్‌సుఖ్‌నగర్, తర్వాత మళ్ళీ ఎల్బీనగర్. నా రోజు కూడా సరిగ్గా మధ్యలో మడతపెట్టే ఉంది.

"మరి రెండో ఇంట్ల ఎవరున్నరు?" అంది నా భార్య.

"నువ్వే."

"మంచిగ సూసి చెప్పు."

"నువ్వేనే. సూడు, మిషన్ గూడ ఉన్నది."

ఆమె దగ్గరికి వచ్చి, ఆ చివర ఉన్న సూది మనిషిని, ఈ చివర ఉన్న సూది మనిషిని చాలాసేపు చూసింది. వెళ్ళి చీర అందుకుని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

దసరా దగ్గర పడుతుండగా ఆంటీ ఒక చీర పట్టుకుని కిందికి వచ్చారు. ఆంటీ ఏటా పైన హాల్లో బొమ్మల కొలువు పెడతారు. మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, బొమ్మలు పేర్చి, సాయంత్రాలు పేరంటానికి పిలుస్తారు. కాలనీ ఆడవాళ్ళంతా వస్తారు. అందులో సగం మంది నా భార్య దగ్గర ఫాల్ కుట్టించుకునేవాళ్ళు. మిగతా సగం కుట్టించుకోబోయేవాళ్ళు.

గోడకు నిలబడ్డ ఊరిని చూసి ఆంటీ చెంప మీద చెయ్యి వేసుకున్నారు. "ఏంటమ్మాయ్ ఇది, మీ ఆయన చేశాడా? ఎంత ముచ్చటగా ఉందో. ఈసారి మా కొలువులో ముందు దీన్నే పెడదాం. ఉండు, అంకుల్‌గార్ని ఒకసారి చూడమంటాను. ఆయన రైల్వే కదా."

అనుమానం నాకు అక్కడే రావాల్సింది.

అంకుల్ మరునాడు పొద్దున వచ్చారు. కళ్ళద్దాలు తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బల్ల చుట్టూ తిరిగారు. ఒక వైపు గోడ ఉంది కాబట్టి మూడు వైపులే తిరిగారు. నేను రైలు నడిపించాను. అది ఒక రౌండు వేసేదాకా వంగి చూశారు.

"మెట్రో పిల్లర్ల మీద పొగబండేంటయ్యా?"

"మెట్రో ఇంజన్ దొర్కలేదంకుల్. పొగ రాదు, ధైర్యంగ ఉండుండ్రి."

"సిగ్నళ్ళేవి?"

"ఉన్నది ఒక్కటే రైలు. ఎవరికి సిగ్నల్ ఇయ్యాలె?"

"సరే. ఇది ఎల్బీనగర్. మరి అదేంటి?"

"ఎల్బీనగర్."

"ఇదీ?"

"ఎల్బీనగరే అంకుల్."

ఆయన కళ్ళద్దాలు తీసేశారు. "రైలన్నాక ఒకచోట ఎక్కి ఇంకోచోట దిగాలయ్యా. నువ్వు చేసింది రైలు మార్గం కాదు, చీర."

"చీరనే అంకుల్. పోచంపల్లి."

ఆయన నవ్వలేదు. తీర్పు చెప్పారు. కుడివైపు ఎల్బీనగర్ మొత్తం పీకెయ్యాలి. ఆ చోట ఒక కొండా, దానికో సొరంగమూ పెట్టాలి. అది చేతకాకపోతే ఇంకో ఊరు పెట్టాలి. "పోనీ, తుర్కయంజాల్ పెట్టు."

"అటు రైలు లేదు గదంకుల్."

"ఎల్బీనగర్‌లో పొగబండి ఉందా?"

నేను ఇంజను మీది ఎర్ర పొగగొట్టాన్ని అరచేత్తో మూశాను.

"అలా మారిస్తేనే పైకి తీసుకురా," అన్నారు అంకుల్. "పదిమంది వచ్చే ఇల్లు. రైల్వే మనిషి ఇంట్లో తప్పు లైను వేశారని అంటే నన్నే అంటారు, నిన్నెవరూ అనరు."

ఆయన పైకి వెళ్ళాక నా భార్య పలకను గోడకు నిలబెట్టడానికి ఒక పక్క పట్టుకుంది.

"మార్చరాదయ్యా. ఓనర్లాయె. పేరంటానికి ఒచ్చేటోళ్ళంత నా గిరాకీ."

"కొండ పెడితే నీ గిరాకీ పెరుగుతదా?"

"కొండతోని గాదు. నువ్వు జర నలుగురిట్ల మంచిగనిపించుకుంటే పెరుగుతది. ఎప్పుడు సూసినా ఏదో ఒకటని అందరి నోట్ల పడ్తవ్."

ఆమె అన్నది సబబే. ఓనర్లతో మాటపట్టింపు కిరాయివాళ్ళకు మంచిది కాదు. ఆ హాల్లో ఒక్క సాయంత్రం నిలబడితే ఆమె పనికి ఎంత ఊపు వస్తుందో నాకూ తెలుసు. కాని ఒక్క సంగతి. బళ్ళో నేను గీసిన భారతదేశం పటాన్ని సారు కొట్టేసి మళ్ళీ గీసేవారు. మగ్గం మీద నేను నేసిన జానెడును నాయన విప్పి మళ్ళీ నేసేవాడు. నేను మడతపెట్టిన చీరను మా దుకాణం సేట్ ఇప్పటికీ తీసి మళ్ళీ మడతపెడతాడు, నా ముందే, నా మొహం చూస్తూ. వాళ్ళ మడతే సరైనది కావచ్చు. కాదనను. కాని నా చేతిలోంచి బయటికి పోయింది పోయినట్టు నిలబడ్డది ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఇదొక్కటి నిలబడాలి. వంకరగా నిలబడ్డా సరే. కొండా లేదు, సొరంగమూ లేదు. ఎల్బీనగర్‌లు రెండుంటాయి.

పైకి వెళ్ళి ఆ మాటే చెప్పాను. "ఆంటీ, మార్చను. ఉన్నది ఉన్నట్టు పెట్టనిస్తేనే తెస్త."

"మరీ ఇంత మూర్ఖత్వమా బాబూ?" అన్నారు ఆంటీ.

"అవునాంటీ. కిరాయిది కాదు, సొంతదే."

ఆమెకు నవ్వొచ్చింది కాని అంకుల్ ఉన్నారని మింగేశారు. నేను ఇంకో మాట అడిగాను. మెట్ల కింద నా స్కూటర్ పెట్టుకునే జాగా ఉంది. దసరా అయిపోయేదాకా స్కూటర్ గల్లీలో పెట్టి, ఆ జాగాలో రైలు పెట్టుకుంటానన్నాను. ఆంటీ అంకుల్ వైపు చూశారు. అంకుల్ పేపరు దించకుండానే, "స్కూటర్ జాగాలో ఏం పెట్టుకున్నా అతనిష్టం. దాన్ని రైలని మాత్రం ఎవరితో చెప్పొద్దను," అన్నారు.

దసరా సీజన్‌లో చీరల దుకాణంలో సెలవు దొరకడం కష్టం. కొలువు మొదలైన రోజు పంటినొప్పని చెప్పి సాయంత్రానికి బయటపడ్డాను. సేట్ నమ్మలేదు గాని, దవడ పట్టుకుని మాట్లాడే సేల్స్‌మన్ దగ్గర ఎవరూ చీర కొనరని పంపించేశాడు. ఇంటికొచ్చేసరికి నా భార్య బల్లను ఖాళీ చేసి పెట్టింది. తనే వచ్చి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరం బల్లనూ దాని మీది ఊరినీ మెట్ల కిందికి చేర్చాం. ఉతికిన పాత చీర ఒకటి తెచ్చి బల్ల కాళ్ళు కనపడకుండా చుట్టూ కట్టింది. ఆ తర్వాత అంది: "ఏమన్నా మాటొస్తే నీ మీదికే తోస్త, ముందే చెప్తున్న."

పేరంటాళ్ళు పైకి వెళ్ళి, కొలువు చూసి, తాంబూలం, శనగలూ కొంగున కట్టుకుని కిందికి దిగారు. అప్పుడు స్విచ్ వేశాను. గుర్రుమన్న చప్పుడుకు ముందున్నామె ఆగింది. ఆమె ఆగేసరికి మెట్ల మీద అందరూ ఆగారు.

"అగో, గిది మన గల్లీ గాదా?"

"మిల్క్ బూత్ గూడ పెట్టిండు, సూడు."

"మా ఇల్లేదన్నా?"

"మీది ఇంక కుట్టలేదమ్మా. దారం అయిపోయింది."

అల్మాస్‌గూడ నుంచి చుట్టపు చూపుగా వచ్చిన ఒక పెద్దామె బల్ల అంచు పట్టుకుని వంగింది. "బిడ్డా, గీ రైలు బాలాపూర్ దిక్కు పోదా?"

"పోదమ్మా. ఆడ దిగితే వినాయకుని లడ్డు వేలంపాట పాడమంటరు, మనతోని గాదు."

"పాడకుంటె పాయె, జర మా అల్మాస్‌గూడల దించు. మోకాళ్ళు గుంజుతున్నయ్."

నవ్వులు తగ్గకముందే, నా భార్య దగ్గర ఎప్పుడూ ఫాల్ కుట్టించుకునే ఒకామె కుడి చివరికి వెళ్ళి ఆగింది. ఆ చివర చూసింది, ఈ చివర చూసింది. "ఏమన్నా, రెండిండ్లు పెట్టినవా?" అంది.

మా వైపు మగవాడు రెండిళ్ళు పెట్టాడంటే దానికి ఒకటే అర్థం. మెట్ల మీద నవ్వు పేలింది. అందరూ నా భార్య వైపు తిరిగారు. ఆమె బల్లకు అటు పక్క నిలబడి, కొంగు సరిచేసుకుని, "పెట్టిండు. రెండిట్ల నేనే ఉన్న," అంది. "నమ్మకపోతే దగ్గరికొచ్చి సూడుండ్రి. చీర గూడ ఒక్క తీరుదే. ఆ రెండోదానికి ఫాల్ కుట్టుడే మిగిలింది."

ఆ అడిగినామె అక్కడికక్కడే తన చీరల సంగతి మాట్లాడుకుంది.

అందరూ వెళ్ళిపోయాక అంకుల్ గేటు వెయ్యడానికి కిందికి దిగారు. సరిగ్గా ఆ సమయానికి ఇంజను కుడివైపు వంపు దగ్గర పట్టా తప్పి, దారం రీళ్ళ మీది నుంచి చాయ్‌పత్తిలో పడింది. అంకుల్ తాళం చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"పడింది," అన్నారు.

"పడ్తదంకుల్. లేస్తది."

"వంపు దగ్గర బయటివైపు పట్టా కొంచెం ఎత్తుండాలి. లేకపోతే పడుతూనే ఉంటుంది."

"నా రైలు గిట్లనే నడుస్తది."

"నడుస్తుంది. నడిచి ఎక్కడికి పోతుంది?"

"ఇంటికంకుల్. ఎటుపోయినా ఇంటికే."

ఆయన ఆ రెండు ఇళ్ళ వైపూ చూసి, తాళం వేసుకుని మెట్లెక్కారు. పట్టా ఎత్తు గురించి ఆయన చెప్పింది నిజమేనని నాకు అప్పుడే అర్థమయ్యింది. కాని ఆ సాయంత్రం ఎవరి మాటా వినదలుచుకోలేదు. పొద్దున ఎవరూ చూడకుండా చీరపెట్టె అట్టను మడిచి ఆ వంపు కింద దోపాను. దోపాక ఎడమ వంపు కిందా అంతే అట్ట దోపాను. ఒక పక్క మార్చి రెండో పక్కను వదిలెయ్యడం మా ఇంటా వంటా లేదు. రైలు మళ్ళీ పడలేదు. ఎందుకు పడటం లేదని అంకుల్ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాతి సాయంత్రాలు నేను దుకాణంలోనే. పంటినొప్పి ఒక్కసారే పనిచేస్తుంది. మెట్ల కింద నా భార్యే కూర్చుంది, ఒళ్ళో ఎవరిదో చీర పెట్టుకుని చేత్తో ఫాల్ కుడుతూ, మనుషులు దిగినప్పుడల్లా స్విచ్ నొక్కుతూ. నేను ఇంటికి రాగానే అన్నం వడ్డిస్తూ ఆ రోజు విశేషాలు చెప్పేది. అంకుల్ రోజూ గేటు వెయ్యడానికి దిగుతున్నాడట, వేసి ఉన్న గేటును.

"ఇయ్యాల పూజగదిలకెల్లి చిన్న గంట తెచ్చిండు," అంది ఒకరోజు.

"ఎందుకు?"

"రైలు బయలెల్లేటప్పుడు కొట్టనీకె. గీ ఎడమ దిక్కు ఎల్బీనగర్ల కొట్టిండు. ఆ దిక్కుది ఒచ్చినప్పుడు కొట్టలే. ఎందుకంకుల్ అంటె, ఆ స్టేషన్ నా లెక్కలో లేదమ్మా అన్నడు."

నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. మొండితనంలో మనకు సమానుడు పైపోర్షన్‌లోనే ఉన్నాడని ఇన్నాళ్ళూ తెలియలేదు.

దసరా వెళ్ళాక కొలువు ఎత్తేశారు. ఆంటీ బొమ్మలకు పాత గుడ్డలు చుట్టి పెట్టెలో సర్దుతూ నన్ను పైకి పిలిచారు. "వచ్చే ఏడు పైనే పెట్టు బాబూ, ఉన్నది ఉన్నట్టు. వచ్చినవాళ్ళు నా బొమ్మల ముందు నిలబడట్లేదు, హారతి అవ్వగానే కిందికి పరిగెడుతున్నారు."

అంకుల్ పేపరు వెనక నుంచి, "పెట్టనీ. కుడివైపు ఎల్బీనగర్ మీద మాత్రం నేను గుడ్డ కప్పుతాను," అన్నారు.

"కప్పుండ్రి అంకుల్. రైలు గుడ్డ కిందికెల్లి పోతది. మీరడిగిన సొరంగం గూడ అయితది."

ఈసారి పేపరు కదిలింది. నవ్వారో లేదో నేను చూడలేదు, చూసినా ఒప్పుకోరు.

గెలిచాను. ఒక్క ఇల్లు విప్పలేదు, ఒక్క కుట్టు ఊడలేదు. నా చేతిలోంచి పోయింది పోయినట్టు నిలబడింది. మెట్లు దిగుతుంటే నా నడకే మారిపోయింది. నా భార్యా నేనూ బల్లను ఇంట్లోకి చేర్చాం. పలకను గోడకు నిలబెట్టి, ఎల్బీనగర్ నుంచి ఎల్బీనగర్ దాకా తృప్తిగా చూసుకున్నాను. ఆమె అప్పటికే మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దసరా పుణ్యమా అని పక్కన కుట్టాల్సిన చీరల దొంతర పెరిగింది.

"సూసినవా," అన్నాను. "హైదరాబాద్‌ల ఒక్క ఇల్లు కట్టలేక మంది పరేషాన్ అయితుంటె, నీకు రెండిండ్లు కట్టించిన."

ఆమె దారం కొస పంటితో కొరికి, తల తిప్పకుండానే అంది:

"కట్టించినవ్. రెండిట్ల గూడ నన్ను మిషన్ కాడనే కూసోబెట్టినవ్. నువ్వొక్కనివే నడుమ నిలబడి చాయ్ తాగుతున్నవ్."